కదలని పీట

రాజాంలో రైసు మిల్లు గుమాస్తా గణపతిరావుకు ఆదివారం వచ్చిందంటే వడ్రంగం పూనకం వచ్చినట్టే. ఆయన చిత్రిక పట్టిన చెక్కను చూస్తే ఎంతటివాడికైనా ముచ్చటేయాల్సిందే! అంత నునుపు. ఒక్కటే చిక్కు, చేసిన ప్రతి వస్తువూ కదిలేది. పోయిన వేసవిలో చేసిన స్టూలైతే ఆయన అత్తగారు లక్ష్మీనరసమ్మతో సహా కూలబడింది.

"మళ్లీ మాయమ్మ పడిందంటే మీ పనిముట్ల పెట్టె పాత సామాన్లోడికి ఇచ్చేస్తాను. ఒట్టు!" అంది భార్య నీలవేణి. ఉలి, బాడిస, చిత్రిక ఉన్న ఆ పెట్టె ఆయన ప్రాణం.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఓ ఆదివారం. అత్తగారు మధ్యాహ్నం బస్సుకు వస్తుంది. ఈసారి మేకు అన్నదే లేకుండా బారు పీట చేసి ఆవిడను కూర్చోబెట్టాలని గణపతిరావు పంతం. రెండు టేకు పలకలు, కింద మూడు అడ్డపట్టీలు. చెక్కలు అతికించే సరేసు బంక డబ్బాను వేడినీళ్లలో పెట్టి కరిగించాడు. నేరుగా మంట మీద పెడితే మాడిపోతుంది, చల్లారితే పట్టదు. అరుగు మీద పరవడానికి తెచ్చిన పాత పేపరును పక్కింటి జగన్నాధం అప్పటికే చదువుతున్నాడు. ఆగడానికి వీల్లేక గణపతిరావు వేడివేడిగా పూసి, పట్టీలు అతికించి, పీటను అరుగు మీద వేసేశాడు.

ఇక బరువు పెట్టాలి. రుబ్బురోటి పొత్రం, బియ్యం బస్తా చాలలేదు. ఒక చివర నీలవేణిని, రెండో చివర జగన్నాధాన్ని కూర్చోబెట్టాడు.

"బావా, ఎంతసేపురా ఇలాగ?" అన్నాడు జగన్నాధం.

"ఆరీదాకా. మాటాడకండి, నవ్వకండి. కదిల్తే నా కొంప ములిగిపోతాది!"

ఇద్దరూ తలలు దించుకున్నారు. సరేసు కంపుకు నీలవేణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అప్పుడే పెరుగమ్మే గున్నమ్మ కుండతో వచ్చింది.

"ఏటమ్మా, ఏటైనాది?"

"మా అత్తగారి కోసమేనమ్మా," అన్నాడు గణపతిరావు.

"ఓలమ్మో! లచ్చీనరసమ్మ పోనాదా!" గున్నమ్మ కుండ దించి, పీట నడుమ దభాలున కూలబడి శోకాలు మొదలెట్టింది.

అబద్ధమని చెప్పడానికి గణపతిరావు నోరు తెరిచాడు. ఇంతలో నడుమ కాస్త ఎత్తుగా ఉన్న పలక గున్నమ్మ బరువుకు చక్కగా సర్దుకుంది. ఆయన నోరు మూసేశాడు.

ఏటా నెల్లాళ్లు ఇక్కడే ఉండే లక్ష్మీనరసమ్మ వీధిలో అందరికీ తెలుసు. ఏడుపు విని ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. నీలవేణి ఏదో చెప్పబోయింది గాని ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

"ఈ పక్కన కూకోండమ్మా, ఇటు బరువు తక్కువున్నాది," అంటూ ఆయనే అందరినీ సర్దాడు.

"అంత దుక్కంలోనూ ఎంత మరియాదో సూడండి! అల్లుడంటే ఆడే!" అన్నారు వాళ్లు.

రిక్షా దిగిన లక్ష్మీనరసమ్మ ఆ ఏడుపులు చూసి సంచీ వదిలేసింది. "ఓరి నాయనో! ఎవులు పోనారో!" అంటూ ముసుగేసుకుని, జనంలో దూరి పీట మీద కూర్చుని గుండెలు బాదుకుంది. గున్నమ్మ తల ఎత్తకుండానే ఆవిడను వాటేసుకుంది.

"సేతికి ఎముక నేని తల్లే! నా కూతురి పురిటికి రాత్రల్లా మేలుకున్నాదే!"

"అంత మంచి మనిసి ఎవులే?"

"లచ్చీనరసమ్మే!"

"నేనా?"

గున్నమ్మ తల ఎత్తింది. కెవ్వున అరిచింది. దెయ్యమనుకుని పీట మీదున్న మిగతావాళ్లంతా ఒక్క గెంతులో వీధిలో పడ్డారు. గణపతిరావు అత్తగారి కాళ్ల మీద పడి జరిగింది చెప్పేశాడు. నీలవేణి అప్పటికే పనిముట్ల పెట్టె బయటికి ఈడుస్తోంది.

లక్ష్మీనరసమ్మ గున్నమ్మ వైపు తిరిగింది.

"గున్నమ్మా, సేతికి ఎముక నేదనీసి అన్నావు కదా? మళ్లీ సెప్పు."

గున్నమ్మ వీధిలోంచే మొదటినుంచీ చెప్పింది. వింటూ లక్ష్మీనరసమ్మ పొంగిపోయి పీట మీద అటూ ఇటూ ఊగింది. పీట కిర్రుమనలేదు. ఆవిడ చేత్తో తడిమి చూసి ముచ్చటపడింది.

"పెట్టె లోపల పెట్టీవే. అల్లుడి సేతిలో పనున్నాది! ఈ పీట నేను మా ఊరు అట్టుకెళ్తాను."

గణపతిరావుకు కళ్లు చెమ్మగిల్లాయి. సంబరంగా ఒక చివర పట్టుకున్నాడు, రెండో చివర జగన్నాధం. ఎత్తారు. రాలేదు. మరో నలుగురు చెయ్యేశారు. అందరి బరువుకూ కిందికి కారిన సరేసు పీటను అరుగుకు అతికించేసింది. కింద పరవాల్సిన పేపరు జగన్నాధం చంకలో మడత నలగకుండా ఉంది.

గణపతిరావు చేసిన వస్తువుల్లో కదలనిది అదొక్కటే.