గంజి తువ్వాలు, కిటికీ సీటు

దగ్గరికి జరగండ్రి బిడ్డలారా, ఫోన్లు పక్కకు పెట్టి చెవులిటు ఇయ్యండ్రి.

శిశిరప్రభాతవేళ, సిద్దిపేట రాజమార్గమున లారీల హుంకారములు మిన్నుముట్టుచుండగా, చేనేతగృహలక్ష్మి, ఆయాసపీడిత, అయినను అప్రతిహతవాగ్ధాటిగల భారతమ్మకును, డీజిల్‌జీపుధరుడగు ఆమె మరిది రత్నాకరునకును ఘోరవివాదము రేగెను. సికింద్రాబాదులోని చెల్లెలు స్వర్ణను చూడబోవలె. జీపెక్కిన, శామీర్‌పేట దాటకమునుపే ఆమెకు ఊపిరి ఆడదు; కావున రైలే కావలెననెను.

"రైలుకు పోతవా వదినా? గా ఇంజను నల్లపొగకు కాకులు గూడ దగ్గుతున్నయ్!" అని రత్నాకరుడు గర్జించెను.

"నీ జీపు ఎనక నడిస్తే తెల్లకోడి నల్లకోడైతది, సప్పుడు జెయ్యకు!" అని ఆ వీరవనిత ప్రతిగర్జన చేసెను.

అంతట పందెము కుదిరెను. స్టేషను కంచెకు ఒక తెల్లతువ్వాలు, రోడ్డు పక్క కమ్మికి మరొకటి. రైలుదే ఎక్కువ మసియైన, భారతమ్మకు ఇక బ్రతుకంతయు జీపే. రోడ్డుదే ఎక్కువైన, మరిదియే టికెటు తీసి ఆమెను కిటికీసీటున ఆసీనురాలిని చేయవలె.

పొద్దటి రైలు ధూమకేతువువలె కదలిపోయెను; రత్నాకరుడును తన జీపును కమ్మిముందు నడిపెను. అనంతరము చూడగా, రోడ్డు తువ్వాలు బూడిదవన్నె, స్టేషనుది కాటుకవన్నె! రత్నాకరుడు మీసము దువ్వెను.

అయితే ఆ తువ్వాలును తాకినంతనే, ఏండ్లతరబడి మగ్గపు పడుగు నూలుకు గంజి పట్టించిన ఆ వ్రేళ్ళు నిలిచిపోయెను. మూలను ముక్కుకడకు చేర్చెను.

"ఓరి మరిదీ! దీనికి పచ్చి గంజి రుద్దినవ్ గదా? గంజికి మసి అంటుకోక, మల్లెపూలు అంటుకుంటయా? నేత ఇంట్ల పుట్టి నాకే గంజి పెడ్తవా?"

ధూర్తుని మోము చెమటతో తడిసెను. రెండింటిని ఉతికి, ఆరబెట్టి, మరునాడు మరల కట్టిరి. ఈసారి రెండును ఒకే వన్నె.

"సమానం గదా, ఇగ జీపెక్కు!" అని అతడు తుదిబాణము వేసెను.

"ఆగు. రైలు పొగను పెట్టెల నిండ కూసున్నోళ్లందరికి పంచు, తలా చిటికెడు. నీ జీపుల కూసునేది నువ్వు, నీ సంచి. మరి నీ వాటా ఎంత?"

రత్నాకరుడు సంచి వైపు చూచి, టికెటుకై జేబు తడిమెను.

ఆ విధముగా మహాబల భారతమ్మ కిటికీసీటును జయించెను! ఊచలపై మసిని మాత్రము ఓడిన వీరుడే, ఆ గంజితువ్వాలుతోనే, తుడిచెను.

"గట్టిగ తుడువు, మరిదీ. మూలకు ఉన్నది."

సికింద్రాబాదు చేరువరకు ఆమె దగ్గలేదు.

మరవకుండ్రి బిడ్డలారా. రేపు ఎవరన్న రైలు పొగ గొప్పదా, బండి పొగ గొప్పదా అని కొట్లాడితే, ఈ తువ్వాలు ముచ్చట చెప్పండ్రి. గంజి సంగతి మాత్రం ఇడువకుండ్రి.