గోవిందప్ప మళ్ళీ ఫెయిల్

కుమ్మరి పని చచ్చిపోతోందని గుండెలు బాదుకునే వాళ్ళకు ఒక సలహా. సాయంత్రం ఆరు దాటాక బుక్కరాయసముద్రం పక్కనున్న గ్రీన్ లేక్ వ్యూ కాలనీకి రండి. ముప్పై మంది మోచేతుల దాకా మట్టి పూసుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళలో ఇద్దరు లెక్చరర్లు, ఒక పళ్ళ డాక్టరు, బంగారు అంగడి ఆయన తమ్ముడు. కుమ్మరి పని చచ్చిపోతోందా? ఇప్పుడే పుట్టింది! కుమ్మరి ఒక్కడు అడ్డం తప్పుకోవాల్సి వచ్చింది, అంతే.

కాలనీ పేరు చూసి మోసపోకండి. గ్రీన్ అంటే గేటుకు వేసిన రంగు. లేక్ అంటే వాన పడిన ఏడు చెరువు, పడని ఏడు క్రికెట్ గ్రౌండు.

ఆ కాలనీ మొదటి వీధిలో ఉంది మట్టి-కుంచె ఆర్ట్ స్టూడియో. పైన పెయింటింగ్, కింద పాటరీ. పైన అందరూ జలపాతాలే వేస్తారు. అనంతపురం చుట్టుపక్కల ఆకుపచ్చ రంగు ముందుగా అయిపోయే చోటు అదొక్కటే. మట్టి రంగు ట్యూబులు మూత తీయకుండా అట్లే ఉన్నాయి. కిటికీ తెరిస్తే కనపడేదానికి మళ్ళీ రంగు దండగ ఎందుకు? కరువుకు ఇంత చౌకైన మందు ఏ సర్కారన్నా కనిపెట్టిందా?

కింద ఇంకా గొప్ప. అక్కడ అందరూ కుండతోనే మొదలుపెడతారు. అది చేతిలో జారి చెంబవుతుంది, చెంబు కూలి గిన్నె అవుతుంది, గిన్నె అణిగి యాష్‌ట్రే అవుతుంది. సిగరెట్టు వాసన పడని ఇళ్ళలో కూడా ఇప్పుడు ఇంటికి నాలుగు యాష్‌ట్రేలు ఉన్నాయి. నీళ్ళు పోస్తే కారుతాయి. అది లోపమా? నాలుగు రోజులకొకసారి కొళాయి వచ్చే చోట, నీళ్ళు నిలవని పాత్రకన్నా నిజాయితీ గల పాత్ర ఇంకేముంది?

ఇక గోవిందప్ప సంగతి.

స్టూడియో గోడ పక్క రేకుల ఇల్లు ఆయనది. ఇంటి వెనక ఆవం ఉంది. కుండలు పేర్చి, కంప కప్పి కాల్చే గుంత. వాళ్ళ నాయన తవ్వింది. కాలనీకన్నా ఆవం నలభై ఏళ్ళు పెద్దది. అదే దాని నేరం. కాలనీ వస్తుందని తెలిసి ఎక్కడికన్నా లేచిపోవద్దా? పోలేదు. ఉన్నచోటే ఉండి, పొగ పెట్టింది. కాలనీ సంఘం అర్జీ రాసింది. ‘వ్యాపారం నిమిత్తం’ ఇళ్ళ మధ్య కుండలు కాల్చరాదని పంచాయతీ నుంచి ఒక కాగితం వచ్చి గోవిందప్ప తలుపుకు అతుక్కుంది.

రెండేళ్ళు ఆవంలో కోళ్ళు పడుకున్నాయి. గోవిందప్ప కుండలు చేసే సారెను గోడకు ఆనించి, భార్య తిరుపాలమ్మ వెంట శెనక్కాయ చేలల్లో కూలికి పోయాడు. అరవై రెండేళ్ళ వయసులో కొత్త పని నేర్చుకునే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది?

ఆయన సారె మూలకు చేరాకే పక్కన స్టూడియో సారెలు తిరగడం మొదలైంది. నడిపేది సుమంత్, బెంగళూరులో మూడు నెలల కోర్సు చేసి వచ్చినవాడు. మంచివాడు. మర్యాద తెలిసినవాడు. క్లాసులో ఒక కుండ చేసి చూపించమని గోవిందప్పను పిలిచాడు. గోవిందప్ప కూర్చున్నాడు. ఊపిరి తీసి విడిచేలోపు కుండ లేచింది. సుమంత్ దాని చుట్టూ తిరిగి మొహం చిట్లించాడు.

“పెద్దాయనా, ఇది మిషన్లో తీసినట్లుండాది. రవ్వంత వంకర పోవాల. చేత్తో చేసినట్లు తెలియాల.”

“చేత్తోనే కదప్పా చేసినా. నీ ముందరే.”

“నాకు తెలుసు. చూసేవాళ్ళకు తెలియాల కదా.”

నలభై ఐదేళ్ళు గుండ్రంగా చేసి ఎంత తప్పు చేశాడో గోవిందప్పకు ఆ సాయంత్రం తెలిసింది. క్లాసులు మేలు చేస్తాయంటే ఎందుకు నమ్మరు?

అంతలో ఈశ్వరమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది. ఈశ్వరమ్మ ఎవరంటే, హోల్‌సేల్ కిరాణా రామకృష్ణయ్య భార్య, కాలనీ సంఘం కార్యదర్శి, పాటరీ క్లాసులో మొదటి వరస. పెళ్ళికి అరివేణి కుండలు కావాలి. సున్నం, ఎర్ర జాజు పూసిన ఆ కుండలను మేళంతో కుమ్మరి ఇంటికి పోయి, బొట్టు పెట్టి, బియ్యం ఇచ్చి తెచ్చుకోవాలి. అవి లేకుండా పందిట్లో పెద్దవాళ్ళు కూర్చోరు. ఈశ్వరమ్మ గోవిందప్ప గడపలోకి వచ్చింది.

“గోవిందప్పా, నిఖిత పెండ్లికి కుండలు కావాలప్పా. బజార్లో తెస్తే మా అత్త ఒప్పుకోదు. నీ ఆవంలో కాలినవే కావాలంటాంది.”

గోవిందప్ప తలుపు చూపించాడు. కాగితం వెలిసిపోయింది కానీ ఊడలేదు.

“ముట్టిచ్చగూడదని రాసినారు కదమ్మా. అర్జీలో మొదటి సంతకం మీదేనంట.”

“అది పొగ మీద పెట్టిన సంతకం. కుండల మీద కాదు.”

“పొగ లేకుండా కాలేదానికి అదేమన్నా కరెంటు కుక్కరా అమ్మా?” లోపలినుంచి తిరుపాలమ్మ అడిగింది.

ఈశ్వరమ్మ చదువుకున్న మనిషి. కాగితాన్ని మళ్ళీ చదివింది. ‘వ్యాపారం నిమిత్తం’ అని ఉంది. నేర్చుకునేవాళ్ళ మాట ఎక్కడా లేదు. ఆదివారం కాలనీ సంఘం కూర్చుని తీర్మానం చేసింది. స్టూడియో బిగినర్స్ బ్యాచి వాళ్ళు నెలకొకసారి గోవిందప్ప ఆవంలో ‘హెరిటేజ్ ఫైర్ వర్క్‌షాప్’ జరుపుకోవచ్చు. అందులో బిగినర్స్ చేసిన పాత్రలే పెట్టాలి. కుమ్మరి చేసినవి పెట్టకూడదు.

దారి ఒకటే మిగిలింది. గోవిందప్ప బిగినర్స్ బ్యాచిలో చేరాడు. ఫారంలో ‘గత అనుభవం’ అని ఒక గడి ఉంది.

“మా తాత కాలంనుంచి అని రాయప్పా,” అన్నాడు సుమంత్‌తో.

“అట్ల రాస్తే వ్యాపారం కిందికి పోతాది పెద్దాయనా. లేదని రాయండి.”

గోవిందప్ప పెన్ను తీసుకుని తనే రాశాడు. లేదు.

“ఈ ముక్క మా నాయనకు పెండ్లికి ముందరే చెప్పుంటే బాగుండు,” అంది ఆ సంగతి విన్న తిరుపాలమ్మ. “పనొచ్చినోడని నమ్మి ఇచ్చినాడు.”

ఆవం ముట్టించే సాయంత్రం కాలనీ అంతా కుర్చీలు వేసుకుని కూర్చుంది. క్లాసు వాళ్ళు తమ పాత్రలను ట్రేలలో మోసుకొచ్చారు. ఎర్రవి, నీలివి, మెరుపులవి! ఫొటోలో మట్టి రంగు బాగుండదని, పైన పెయింటింగ్ క్లాసుకు తీసుకుపోయి పచ్చి పాత్రలకే ప్లాస్టిక్ రంగులు పూసి తెచ్చారు. గోవిందప్ప ఒకదాన్ని వేలితో తట్టి చూశాడు.

“సారూ, ఇవి ఆరలేదు. రంగు పూస్తే లోపల తేమ లోపలే ఉంటాది. కాలినాక వెయ్యాల రంగు.”

“మీరు బిగినర్స్‌లో కూడా లాస్ట్ చేరినారు పెద్దాయనా. మొదట అబ్జర్వ్ చేయండి,” అన్నాడు సుమంత్.

గోవిందప్ప అబ్జర్వ్ చేశాడు. ఆఖర్న చేరినవాడి పాత్రలు అడుగున పెట్టాలన్నారు. పెట్టాడు. సుమంత్ ఫోనులో లైవ్ ఇస్తున్నంతసేపట్లో వాటి మీద పాత పెంకులు రెండు వరసలు కప్పాడు. పైన నలభై యాష్‌ట్రేలు ఎక్కాయి. నిప్పు పెట్టారు.

పొగ లేచింది. అదే గుంత, అదే కంప, అదే పొగ. మొదటి సంతకం పెట్టిన ఈశ్వరమ్మ కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చింది. “ఎంత ప్రశాంతంగా ఉండాదో,” అంది. పళ్ళ డాక్టరు దగ్గుతూనే తల ఊపాడు. పొగ తప్పు కాదు. పొగ ఎవరిదో అడిగి పీల్చాలి. ఆ మాత్రం శుచి ఉండొద్దా మనుషులకు?

కాసేపటికి లోపల టప్‌మంది. మళ్ళీ టప్, టప్. అందరూ చప్పట్లు కొట్టారు. మట్టి మాట్లాడుతోందని సుమంత్ లైవ్‌లో చెప్పాడు. గోవిందప్ప ఒక్కడే ఒక్కొక్క చప్పుడుకూ అడుగునున్న పెళ్ళి కుండలను తలుచుకుని కళ్ళు చిట్లించాడు. వాటిలో ఒకటి పగిలినా మేళం ఖాళీ చేతులతో తిరిగిపోతుంది. కుమ్మరికి పని రాదని ఫారంలో రాసింది నిజమైపోతుంది.

మర్నాడు బూడిద తీశారు. నలభై యాష్‌ట్రేలు నాలుగు వందల ముక్కలై ఉన్నాయి. అడుగున పెంకుల కింద పెళ్ళి కుండలు ఉన్నాయి. గోవిందప్ప ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూశాడు. అన్నీ ఖంగుమన్నాయి.

మేళం వచ్చింది. పెళ్ళి బాగా జరిగింది. తరవాత బ్యాచి పరీక్ష పెట్టారు. మనసు కనపడేలా ఒక పాత్ర చేయాలి. గోవిందప్పది ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది. సుమంత్ కార్డు మీద రాశాడు: ‘చేతికి ఇంకా స్వేచ్ఛ రాలేదు. మళ్ళీ బిగినర్స్.’ పళ్ళ డాక్టరు పాసయ్యాడు.

గోవిందప్ప ఆ పూట సంగటి ముట్టలేదు. తిరుపాలమ్మ ఎదురుగా కూర్చుంది.

“పాసైతే ఏమిస్తారంట?”

“సర్టిఫికెట్. పై క్లాసు.”

“ఆడ ఆవం ముట్టిస్తారా?”

“ల్యా. ఆడంతా కరెంటు బట్టీ.”

“ఫెయిలైతే?”

గోవిందప్ప తలెత్తి ఇంటి వెనక్కి చూశాడు. “ఫెయిలైతే వచ్చే నెల మళ్ళా ముట్టిచ్చొచ్చు,” అన్నాడు. సంగటి తట్ట దగ్గరికి లాక్కున్నాడు.

ఆ నెల ఆవం ముట్టింది. ఆ పై నెలా ముట్టింది. పైన యాష్‌ట్రేలు టప్‌మంటూనే ఉన్నాయి, అడుగున బిగినర్ గోవిందప్ప నీళ్ళ కుండలు కాలుతూనే ఉన్నాయి. బెళుగుప్ప నుంచి కూడా వచ్చి తీసుకుపోతున్నారు. అది వ్యాపారం కాదు. విద్యార్థి అభ్యాసం. కుందుర్పి నుంచి వచ్చిన రైతు వీరేష్ ఇదంతా విని ఆశగా అడిగాడు. “అన్నా, సేద్యం క్లాసులు యాడన్నా పెడ్తాండారా? ఫెయిలయ్యేదాంట్లో మాకు మంచి అనుభవముండాది.”

పోయిన వారం మూడో పరీక్ష. గోవిందప్ప సారె ముందు కూర్చున్నాడు. పక్క సారె మీద ఈశ్వరమ్మ. ఆమెకూ ఇంకా పై క్లాసు రాలేదు. ఆమె యాష్‌ట్రేల్లో మనసు మరీ ఎక్కువై, అవి యాష్‌ట్రేల్లాగా కూడా ఉండవు. మట్టి చేత్తోనే ఫోనులో నిఖిత పెళ్ళి ఫొటో తెరిచి, “చూడు గోవిందప్పా, నీ కుండలు ఎట్ల పడినాయో,” అని ముందుకు వంగింది. మోచెయ్యి గోవిందప్ప చేతికి తగిలింది.

కుండ నడుము దగ్గర వాలి, మూతి ఒక పక్కకు తిరిగి నిలబడింది.

సుమంత్ పరుగున వచ్చాడు. “అదీ! ముట్టొద్దు పెద్దాయనా, ముట్టొద్దు. వచ్చేసింది. ఇదే మనసంటే. ఈశ్వరమ్మ గారూ, చూడండి, పెద్దాయన పాస్!”

అందరూ లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. సుమంత్ జేబులోంచి పెన్ను తీశాడు. గోవిందప్ప ఆ పెన్నునే చూశాడు. అది కార్డు మీద ఒక్క గీత గీస్తే చాలు, ఆయనకు పని వచ్చినట్లే. పని వచ్చినవాడు ఆవం ముట్టించకూడదు. కోళ్ళు మళ్ళీ వచ్చి పడుకుంటాయి.

గోవిందప్ప పిడికిలి ఎత్తి కుండ నడినెత్తిన ఒక్క గుద్దు గుద్దాడు.

“అయ్యో, ఎంత మంచి పీసు,” అంది ఈశ్వరమ్మ.

“చెయ్యి జారింది తల్లీ. నేర్చుకునేవాణ్ణి కదా,” అని గోవిందప్ప సారె తిప్పాడు. ఊపిరి తీసి విడిచేలోపు కుండ లేచింది. ఎటు చూసినా ఒకటే గుండ్రం. సుమంత్ నిట్టూర్చి కార్డు తీసుకున్నాడు.

పని చేతకాదని రాసిస్తేనే పని చేసుకోనిచ్చే ఇంత దయగల రోజులు మన తాతలు చూశారా? ఇంకా కుమ్మరి పని చచ్చిపోతోందంటారేం?

గోవిందప్ప ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు.

“ఏమాయె?” అంది తిరుపాలమ్మ.

“ఫెయిలే.”

ఆమె చూరులోంచి కొడవలి తీసుకుని, పొద్దు ఉండగానే కంప కొట్టుకొస్తానని బయలుదేరింది.