పది పేజీల రాజవంశం

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త దిద్దాల్సిన విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల కట్టలో తను టైపు చేసిన పది పేజీలు దూర్చాలి. కాఫీ ఇచ్చి పక్కకు తప్పుకోవాలి. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూడాలి. అంతే.

రెండేళ్లుగా మధ్యాహ్నాల పూట ఆమె ఒక నవల రాస్తోంది. ఎక్కడా లేని ఒక రాజ్యం కథ అది. అందులో గుర్రాలు మాట్లాడతాయి, ఏరు ఏడాదికోసారి వెనక్కి పారుతుంది. చదివిన ప్రచురణకర్త ఫోన్ చేసింది. "కథ బాగుందండీ. కానీ మీ రాజ్యానికి గతం లేదు. నిన్న సాయంత్రం కట్టిన నాటకం సెట్టులా ఉంది. ఓ మూడొందల ఏళ్ల చరిత్ర రాసి పంపండి, చూద్దాం."

ఆమె రాసింది. అది నిలబడుతుందో లేదో తేల్చగల మనిషి ఇంట్లోనే ఉన్నాడు. కాలేజీలో చరిత్ర లెక్చరరు. పాలు విరిగాయన్నా "నీకెలా తెలుసు?" అని అడిగే రకం. భార్య రాసిందని తెలిస్తే చదవకముందే నవ్వుతాడు. ఎవరు రాశారో తెలియకపోతే అనుమానంగా చదువుతాడు. ఆమెకు కావలసింది ఆ అనుమానమే.

అందుకే ఆ చరిత్రకు ముందే గట్టి తాళం వేసింది. ఆ రాజ్యంలో కొత్త రాజు గద్దె ఎక్కగానే పాత రాజు రాగి శాసనాలన్నీ కరిగించి తన పేర ఒక గంట పోత పోయిస్తాడు. ఆ తర్వాతి రాజు వచ్చి ఆ గంటనూ కరిగిస్తాడు. ఇక ఎవరెంత తవ్వుకున్నా ఏమీ దొరకదు.

లెక్చరరు ఎర్ర పెన్సిలు పట్టుకుని మొదలుపెట్టాడు. రెండో పేజీకి కుర్చీలో ముందుకు వంగాడు. ఐదో పేజీకి కాఫీ చల్లారిపోయింది. పదో పేజీ పూర్తిచేసి కళ్లజోడు తీశాడు.

"ఏమోయ్, ఇది దొంగ సొత్తు."

ఆమె గుమ్మం దాటి ముందుకొచ్చింది. "ఏం? తప్పులున్నాయా?"

"ఒక్కటి లేదు. నా అనుమానమూ అదే. మా పిల్లల్లో ఇంత బాగా రాసేవాళ్లెవరూ లేరు. ఏదో మంచి పుస్తకం చూసి ఎత్తి రాశారు. ఇలా రాయాలంటే ముప్పై ఏళ్లు పరిశోధన చేసుండాలి!"

పెళ్లయిన పందొమ్మిదేళ్లలో ఆయన నోట ఆమె విన్న పెద్ద మెప్పు అది. చెప్పేద్దామని నోరు తెరిచి, ఇంకో మాట మెచ్చుకుంటాడేమోనని మూసుకుంది. ఆ కక్కుర్తే కొంప ముంచింది. చూస్తుండగానే ఆయన కట్ట చంకన పెట్టుకుని బస్సెక్కేశాడు.

పదకొండింటికి ఫోను.

"దొంగ దొరికింది!" ఆయన గొంతులో హుషారు. "ఆ పేజీలు వెనక బెంచీ అమ్మాయి రిపోర్టు కింద ఉన్నాయి. ఎక్కణ్ణుంచి ఎత్తావంటే 'నాకేం తెలీదు సార్' అంటోంది. ఎంత గుండె ధైర్యమో చూడు. రెండింటికి కమిటీ. ప్రాజెక్టు రద్దు చేశామంటే ఏడాది పోతుంది."

"అయ్యో! ఆ పిల్లకు నిజంగానే తెలీదేమోనండీ!"

"నువ్వు అందర్నీ నమ్మేస్తావ్. అసలు పుస్తకం తను చూశానని లైబ్రేరియన్ అంటున్నాడు. నీలం అట్టట. మా హెడ్ గారైతే ఆ వంశం మీద సెమినార్‌కే వెళ్లొచ్చారట."

తన ఊహలోనే పుట్టిన రాజ్యానికి నీలం అట్ట ఎవరు వేశారో ఆమెకు అర్థం కాలేదు. చెప్పులు వేసుకుని బయల్దేరింది.

కమిటీ గదిలో బల్ల వెనక ముగ్గురు. మధ్యలో శాఖాధిపతి, అటూ ఇటూ లైబ్రేరియన్, లెక్చరరు. ఎదురుగా వెనక బెంచీ అమ్మాయి, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లతో.

"ఆ పేజీలు నేను రాశానండీ," అంది ఆమె గుక్క తిప్పుకోకుండా. "అంతా కల్పన. కట్టలో పెట్టిందీ నేనే."

శాఖాధిపతి జాలిగా చూశారు. "కూర్చోండమ్మా. పిల్ల ఏడుస్తుంటే మీ మనసు కరగడం సహజం."

"నువ్వు రాశావా?" లెక్చరరు కళ్లు చిన్నవయ్యాయి. "ఆధారం?"

"ఇంట్లో నవల మొత్తం ఉంది. తర్వాతి అధ్యాయంలో గుర్రాలు మాట్లాడతాయి."

"అవునవును, ఆ పుస్తకంలోనూ గుర్రాల సంగతి ఉంది," అన్నాడు లైబ్రేరియన్.

"అది ప్రతీకమ్మా," అన్నారు శాఖాధిపతి. "గుర్రాలంటే సామంతులు. సెమినార్‌లో దానిమీదే రోజంతా కొట్టుకున్నాం."

"సార్, అసలా రాజ్యమే లేదు!"

"ఆనవాళ్లు లేనంత మాత్రాన రాజ్యం లేదంటే ఎలా? అన్నీ కరిగించేశారు కదా," అని భర్త విసుక్కున్నాడు. "నువ్వు తొమ్మిదో పేజీ సరిగ్గా చదివినట్టు లేదు."

తను వేసిన తాళం తన మొహానే పడింది. అమ్మాయి వెక్కిళ్లు వినబడుతున్నాయి. శాఖాధిపతి రద్దు కాగితం మీద సంతకానికి పెన్ను మూత తీశారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని గొంతు తగ్గించింది.

"సరే, ఇక దాచి లాభం లేదు. ఆ నీలం అట్ట పుస్తకం మా వారు ఎప్పుడో లైబ్రరీ నుంచి తెచ్చి మర్చిపోయారు. నేను చదివి ముచ్చటపడి పది పేజీలు టైపు చేసుకున్నాను. పొద్దున్న బల్ల సర్దుతూ పొరపాటున ఈ కట్టలో కలిపేశాను."

ముగ్గురూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆధారం ఎవరూ అడగలేదు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు లెక్చరరు, పుస్తకం మర్చిపోయినందుకు కాస్త సిగ్గుపడుతూ. శాఖాధిపతి కాగితం చింపేసి, అమ్మాయిని ఇంటికి వెళ్లి పడుకోమన్నారు.

"మరి పుస్తకం ఇప్పుడెక్కడుందమ్మా?"

"పోయిన వారమే తిరిగి ఇచ్చేశాను సార్. ఇదిగో, ఈయన చేతికే."

లైబ్రేరియన్ మొహంలో రంగులు మారాయి. చూడలేదంటే పొద్దున్న చెప్పింది అబద్ధమవుతుంది. "అ... అవును. బీరువాలోనే పెట్టిన గుర్తు," అన్నాడు నీరసంగా.

ఆమె తన పది పేజీలు అడిగి తీసుకుని, దారిలోనే ప్రచురణకర్తకు పోస్టు చేసేసింది.

రెండు రోజులు బీరువాలన్నీ దింపి వెతికాక లైబ్రేరియన్ ఆ పుస్తకాన్ని పోయినవాటి జాబితాలో చేర్చాడు: నీలం అట్ట, రెండు వందల పన్నెండు పేజీలు, వెన్ను కాస్త చిరిగింది. దొరికితే తమకే ముందు ఇవ్వాలని వారం తిరిగేలోగా ఆరుగురు లెక్చరర్లు పేర్లు రాయించుకున్నారు. మొదటి పేరు ఆమె భర్తది.