తాళం వేసిన వెన్న

ఫ్రిజ్‌కి వేసిన తాళం వేసినట్టే ఉంది, లోపల వెన్నముద్ద మాత్రం సగానికి సగం మాయమైంది.

జైలరమ్మ తాళాన్నోసారి, వెన్ననోసారి చూసింది. ఆమె అసలు పేరు అది కాదు. భర్తకి షుగర్‌తోపాటు కొలెస్ట్రాల్ కూడా చేరిందని తెలిసిన రోజున ఆమె ఫ్రిజ్‌కి తాళం వేయించింది. అప్పటినుంచి వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తోంది. వెన్న రాయని బ్రెడ్డుముక్క ఆమెకు గొంతు దిగదు. అదే వెన్న భర్త కంటపడకూడదు. అందుకే తాళం. దాన్ని బిగించింది కూడా ఆ భర్తే, ఎందుకంటే ఆయన తాళాల మేస్త్రి. "ఈ తాళాన్ని నేను తప్ప ఎవడూ తీయలేడు" అని ఆయన ఆ రోజు ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఆ మాటలో సగమే ఆమె చెవికెక్కింది.

మిగతా సగం ఇప్పుడెక్కింది.

ఇంకో రోజైతే నాలుగు కేకలతో సరిపోయేది. కానీ కాసేపట్లో ల్యాబ్ టెక్నీషియన్ రక్తం తీయడానికి ఇంటికొస్తాడు. "మాత్రలు ఆపొద్దు. వాటితోపాటు తిండి మార్చండి. షుగర్ ఉన్నవాళ్ళు గుండెని ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి" అని డాక్టరు చెప్పినప్పటినుంచి ఆమె వంటింట్లో యుద్ధమే చేస్తోంది. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం ఉడకబెట్టిన చిక్కుడుగింజలు, సాయంత్రం గుప్పెడు బాదంపప్పులు. వేపుళ్ళు బంద్. నూనె చెంచాతో కొలిచి పోయడమే.

ఈ యుద్ధంలో ఆమెకు శత్రువు కొలెస్ట్రాల్ కాదు, ఆడపడుచు. పక్కవీధిలో ఉండే వదిన గాలేస్తే ఎగిరిపోయేంత సన్నగా ఉంటుంది, మాట మాత్రం మహా బరువు. "షుగరొచ్చినవాడు చక్కెర మానేస్తే చాలదూ? మధ్యలో వెన్నేం పాపం చేసిందే? ఈసారి కొలెస్ట్రాల్ తగ్గకపోయిందా, ఆ గరిటె నాకిచ్చెయ్. నా తమ్ముడికి నేనే వచ్చి వండిపెడతా" అని అందరి ముందూ ప్రకటించింది. ఉత్త మాట కాదు, పెట్టె కూడా సర్దుకుని కూర్చుంది.

జైలరమ్మ పిల్లిలా నడిచి భర్త పనిముట్ల సంచి తెరిచింది. ఆకురాయికీ స్క్రూడ్రైవరుకీ మధ్య జిడ్డుమరక. వాసన చూసింది. సందేహం లేదు, వెన్నే! ఈ మధ్య రోజూ పొద్దున్నే "ఎవరిదో తలుపు లాక్ పడిపోయిందట" అంటూ ఆయన హడావిడిగా ఎందుకు వెళ్తున్నాడో అర్థమైపోయింది. ఏ సందులోనో నిలబడి మెక్కి వస్తున్నాడన్నమాట.

"ఏమండీ! పొద్దున్నే ఏమైనా తిన్నారా?" అంది బాత్రూము తలుపు దగ్గర నిలబడి.

లోపల కూనిరాగం టక్కున ఆగింది. "మంచినీళ్ళు తప్ప ముడితే ఒట్టు! ఎందుకే?"

"ఊరికే."

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో బుర్రమీసాల టెక్నీషియన్. జైలరమ్మ క్షణంలో నిర్ణయానికొచ్చేసింది.

"అయ్యో, ఆయన టిఫిను తినేశారండీ. వచ్చే వారం రండి!"

"ఎవరు తినేసింది?" టెక్నీషియన్ వెనకనుంచి వదిన తల పైకి లేచింది. సరిగ్గా సమయానికి ఊడిపడటమంటే అదీ.

"నేనా? మంచినీళ్ళేగా తాగాను!" అంటూ తువ్వాలుతో బయటికొచ్చాడు మేస్త్రి. ఆ అమాయకత్వానికి ఆయన పీక నులమాలనిపించింది ఆమెకు.

"విన్నావా మరదలా? పరీక్షంటే భయం నీకు" అని వదిన సోఫాలో కూలబడి చెయ్యి చాపింది. "నాది కూడా తియ్యి బాబూ, నేనూ ఖాళీ కడుపుతోనే ఉన్నా. ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్ళం. తేడా ఏ వంటింట్లో ఉందో తేలిపోవాలి. నా రక్తం అద్దంలా ఉంటుంది!"

టెక్నీషియన్ ఇద్దరి రక్తమూ తీసి, పేర్లు రాసి ఇంకా అతికించని స్టిక్కర్ల పక్కన ఎవరి ట్యూబు వాళ్ళకి పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అక్కాతమ్ముళ్ళు మోచేతుల్లో దూది నొక్కుకుంటూ ఎవరికి ఎక్కువ నొప్పెట్టిందో వాదించుకుంటున్నారు. జైలరమ్మ కళ్ళముందు తన గరిటె వదిన చేతిలో తిరుగుతూ కనిపించింది. అంతే, ఆమె చెయ్యి ఆమె మాట వినలేదు. అటు ట్యూబు ఇటు, ఇటు ట్యూబు అటు మారిపోయాయి.

సాయంత్రం టెక్నీషియన్ స్వయంగా వచ్చాడు. వదిన అప్పటికే వచ్చి సోఫాలో కూర్చుంది. మీసాలు వేలాడిపోయి ఉన్నాయి.

"నా సర్వీసులో ఇలాంటి కేసు చూడలేదు సార్. మీకు షుగర్ లేదు!"

"ఏంటీ!" మేస్త్రి గాల్లోకి లేచాడు.

"కొలెస్ట్రాల్ మాత్రం ఆకాశాన్నంటింది."

"చెప్పానా!" వదిన లేచి వంటింటివైపు నడిచింది. "ఏదీ ఆ గరిటె?"

"ఆగండమ్మా. మీ కొలెస్ట్రాల్ చక్కగా అదుపులో ఉంది. కానీ మీకు షుగర్ ఉంది."

వదిన పక్కనున్న కుర్చీలో చతికిలబడింది. "నాకా? షుగరా? ఒరేయ్ తమ్ముడూ, నా పచ్చరాళ్ళ గాజులు నీ పెద్దకూతురికివ్వరా! నా కుట్టుమిషను మాత్రం ఎవరికీ ఇవ్వకురా!" అంటూ శోకాలు మొదలెట్టింది.

తమ్ముడు వినే స్థితిలో లేడు. "షుగరే లేనప్పుడు ఈ మాత్రలెందుకు?" అని డబ్బా పట్టుకుని చెత్తబుట్టవైపు బయల్దేరాడు. "ఏమోయ్, పెద్ద కేకొకటి తెప్పించు! క్రీము మందంగా వేయించు!"

ఒకపక్క వదిన పంపకాలు. ఇంకోపక్క చెత్తబుట్టకి చేరువవుతున్న మాత్రలు. జైలరమ్మ గరిటె సంగతి మర్చిపోయింది. ఒక్క ఉదుటున వెళ్ళి భర్త చేతిలో డబ్బా లాక్కుంది.

"షుగర్ మీదే! ట్యూబులు మార్చింది నేనే!"

అందరికంటే ముందు టెక్నీషియన్ తేరుకున్నాడు. "అంటే షుగర్ సార్‌దే, తగ్గిన కొలెస్ట్రాలూ సార్‌దే. ఆకాశాన్నంటింది ఈ అమ్మగారిది. హమ్మయ్య! రేపు ఇద్దరికీ మళ్ళీ తీస్తాను. మీరు మాత్రం ఈ గదిలో ఉండకూడదు తల్లీ" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

జైలరమ్మకి ముందు నవ్వొచ్చింది, తర్వాత కన్నీళ్ళొచ్చాయి. ఓట్స్ గెలిచాయి! చిక్కుడుగింజలు గెలిచాయి! తన వంటిల్లు తనకే మిగిలింది. భర్త బుగ్గ గిల్లబోతూ మధ్యలో ఆగిపోయింది.

"మరి నా వెన్నేమైంది?"

వదిన హఠాత్తుగా లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టింది. మేస్త్రి ఒకసారి అక్కవైపూ ఒకసారి భార్యవైపూ చూసి, నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

"తాళం తీసింది నేనేనే. అది లోపలుందని తెలిస్తే నా నోరు ఊరుకోదు, పారేద్దామంటే చేతులు రావు. అందుకే రోజూ ఇంత సంచిలో వేసుకెళ్ళి అక్కకిచ్చేవాణ్ణి. 'నువ్వు తినకూడదురా, ఇలా తే' అని నా ముందే తినేసేది. నా కొలెస్ట్రాల్ తగ్గిందంటే సగం నీ వంట చలవ, సగం అక్క చేసిన త్యాగం."