మా వీధి థెరపిస్టులు, నా క్లైమాక్స్

దుఃఖంలో ఉన్నవాడికి ఫిల్మ్‌నగర్‌ని మించిన చోటు భూమ్మీద లేదు!

మా కమ్యూనిటీ హాల్లో రెండు రోజుల ట్రామా థెరపీ ట్రైనింగ్ జరిగింది. ఇప్పుడు ఇంటికొక థెరపిస్టు. మనసుకు తగిలిన దెబ్బను మాటల్లో చెప్పించి, బరువు దించడం వీళ్ల పని. మొన్న లిఫ్టులో రెండు నిమిషాలు ఇరుక్కున్నాను. తలుపు తెరుచుకునేసరికి బయట ముగ్గురు, టిష్యూ పేపర్లతో సిద్ధం! ఇంత సేవ ఇంకెక్కడ దొరుకుతుంది?

నా భార్య అరుణజ్యోతి పోయి మూడేళ్లు. ఆసుపత్రిలో ఆమె అన్న ఆఖరి మాట నేనెవరికీ చెప్పలేదు. ఒక్కరికైనా చెప్పుకుందామని సుహాస్ దగ్గరికి వెళ్లాను. వృత్తికి కో-డైరెక్టర్, ట్రైనింగ్‌లో ఫస్టు.

“ఆసుపత్రిలో ఐదో రోజు...” అని మొదలుపెట్టాను.

“ఆగండి బాబాయ్! ఆసుపత్రితో ఓపెన్ చేస్తే డల్ అయిపోద్ది. పెళ్లిచూపుల నుంచి రండి.”

వచ్చాను. పక్కన నోట్సు రాసుకుంటున్న డబ్బింగ్ ఆర్టిస్టు హరిణి, ఆవిడా థెరపిస్టే, కళ్లు తుడుచుకుంది. “సూపర్ అంకుల్! కానీ ఒక్క గొడవైనా లేకపోతే ఎలాగండీ?”

నలభై ఏళ్ల కాపురం, గొడవలకేం కొదవ? చెప్పాను. ఇంటర్వెల్ ఇచ్చారు. మిరపకాయ బజ్జీలు తెప్పించారు. దుఃఖానికి బజ్జీలు పెట్టే వైద్యం ఎక్కడైనా చూశారా?

తీరా ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి సుహాస్ చెయ్యెత్తాడు. “క్లైమాక్స్ మార్చేద్దాం బాబాయ్. పిన్ని బతికేస్తే?”

నాకూ నచ్చింది. మూడేళ్లుగా నేను దేవుణ్ణి అడుగుతున్నదీ ఆ మార్పే.

కిందికి దిగితే గేటు పక్కన మల్లమ్మ ఇస్త్రీ చేస్తోంది. ఆ ట్రైనింగ్‌లో ఫెయిలైంది తనొక్కతే.

“ఎందుకు ఫెయిల్ చేశారు మల్లమ్మా?”

“ప్రాక్టీసుల ఒకామె తన బాధ చెప్పింది సారూ. మొత్తం ఇన్న. మధ్యల ఏం అడగలే. నోరే ఇప్పకపోతే మార్కులెట్ల ఏస్తమన్నరు.”

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నా వైపు స్టూలు జరిపింది. కూర్చున్నాను. ఆసుపత్రితోనే మొదలుపెట్టాను. ఆఖరి మాట కూడా చెప్పేశాను: “నీలం చొక్కా ఇస్త్రీకి వేశాను, తెచ్చుకోవడం మర్చిపోకండి.”

మల్లమ్మ మొత్తం వింది. తర్వాత నా కాలరు వైపు చూసింది.

“గిదేనా సారూ?”

“ఇదే.”

వచ్చే నెల అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఉందట. నిర్వాహకులకు నాదొక్కటే విన్నపం: ఈసారి దయచేసి అందరినీ ఫెయిల్ చేయండి!