మూడు రోజులూ ఒకే అంకె

శనివారం పొద్దున్నే ఫ్రిజ్ తలుపు మీది కాగితం చూసి శశికాంత్ పొంగిపోయాడు. బుధవారం 1018, గురువారం 1018, శుక్రవారం 1018. చోవా చూ కాంగ్‌లోని ఆ ఫ్లాట్ వంటింటి మూల, పెద్ద డబ్బాలో పదిహేను లీటర్ల యాపిల్ రసం సైడర్ కావడానికి రెండు వారాలుగా పులుస్తోంది. గాజు కొలపుల్ల ముంచి చూస్తే వరసగా మూడు రోజులు ఒకే అంకె రావాలి, అంటే పులియడం ఆగినట్టు, అప్పుడే సీసాల్లో నింపాలి అని పుస్తకంలో ఉంది. ఆ కింది వాక్యాలు శశికాంత్ చదవలేదు. అతడు బ్యాంకులో ప్రాజెక్టు మేనేజరు. సారాంశం దాటి చదవడం ఆ వృత్తికే నామోషీ.

కొలత కూడా స్వయంగా చూడలేదు. కొలిస్తే పనివాడు, కొలిపించి రిపోర్టు తెప్పించుకుంటే మేనేజరు అని అతడి నమ్మకం. ఆ బాధ్యత భార్య రజితకూ, పన్నెండేళ్ళ కూతురు ప్రణవికీ అప్పగించాడు.

"ఆ డబ్బా ఇంకా బుడబుడమంటోందండీ. దోసెల పిండైనా సరే, మూత తీసి చూడందే నేను నమ్మను," అంది రజిత ఇడ్లీలు తీస్తూ.

"డేటా చూడు రజితా. వచ్చే శనివారం కృష్ణమూర్తి సార్ భోజనానికొస్తున్నారు. సైడరంటే ఆయనకి ప్రాణం. డిపార్ట్‌మెంట్ హెడ్ సీటు ఖాళీగా ఉంది. ఆ సీటు ఎవరికన్నది ఆయన చేతిలో పని."

తొమ్మిదింటికి మొదలుపెట్టి ఇరవై సీసాలు నింపి, గట్టిగా మూతలు బిగించి, బాంబ్ షెల్టర్‌లో పెట్టాడు. యుద్ధమొస్తే దాక్కోవడానికి ఫ్లాట్లో కట్టిన ఇనుప తలుపు గది అది. యుద్ధం రానందున అందులో బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ దాక్కుంటున్నాయి.

మరుసటి శనివారం కృష్ణమూర్తి పప్పులో నెయ్యి వేసుకుంటుండగా ఎక్కడో ఢామ్మని మోగింది.

"పైవాళ్ళు సార్. సామాను జరుపుతుంటారు," అన్నాడు శశికాంత్.

రెండోసారి మోగేసరికి పైవాళ్ళే కిందికొచ్చి, "మీ ఇంట్లో ఏమిటా చప్పుడు?" అని అడిగారు. వంటింట్లో కుక్కరని చెప్పి పంపించాడు. మూడోసారి ఇనుప తలుపు కింద నుంచి నురగ పాకుతూ వచ్చింది.

"పైపు పగిలిందయ్యా," అని కృష్ణమూర్తి ఎంగిలి చేత్తోనే లేచి, శశికాంత్ వద్దనేలోగా తలుపు తీశారు. ద్వారం దగ్గరున్న సీసా మూత పైకప్పుకి ఎగిరింది. నురగ ఆయన్ని నెత్తి నుంచి అభిషేకించింది.

తువ్వాలుతో మొహం తుడుచుకుని ఆయన నెమ్మదిగా అడిగారు. "ఇది రెడీ అయిందని ఎలా తెలిసిందయ్యా?"

"మూడు రోజులు రీడింగ్ మారలేదు సార్."

"ఎవరు చూశారు?"

"బుధవారం నేను చూశానండి. గురువారం ఆఫీసు హడావుడిలో బుధవారందే రాసేశాను," అంది రజిత.

"ఫ్రైడే నేను జస్ట్ కాపీ చేశా అంకుల్," అంది ప్రణవి. "టైమ్ లేకపోతే నిన్నటిదే పెట్టెయ్యమని డాడీయే చెప్పాడు. ఆఫీస్‌లో అందరూ అంతేనంట."

కృష్ణమూర్తి గొంతు తగ్గింది. "సోమవారం బ్యాంకులో కొత్త సిస్టమ్ మొదలుపెడుతున్నాం. మూడు వారాలుగా 'అంతా సవ్యం' అని నువ్వు పంపుతున్న రిపోర్టులు..."

శశికాంత్ వంగి నేల మీది నురగ తుడవడం మొదలుపెట్టాడు. పెరుగన్నం ముట్టకుండానే ఆయన వెళ్ళిపోయారు. సీటు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమైనా మిగులుతుందా అని శశికాంత్‌కు రెండు రోజులు ముద్ద దిగలేదు.

సోమవారం సిస్టమ్ మొదలుకాలేదు. తెరిచి చూస్తే నలభై లోపాలు బయటపడ్డాయి. శశికాంత్‌ను తీసేస్తే ఆ రిపోర్టుల్ని చూసి పైకి పంపిందెవరని పెద్దలు అడుగుతారు. చూడకుండా పంపింది కృష్ణమూర్తే. అందుకని ఆయన మీటింగులో లేచి, ముంచుకొస్తున్న ప్రమాదాన్ని తన ఇంట్లోనే ప్రయోగం చేసి నిరూపించిన ముందుచూపు శశికాంత్‌ది అని ప్రకటించారు. చప్పట్ల మధ్య సీటు అతడిదైంది.

"కొత్త సీట్లో పనేంటండీ?" అని సాయంత్రం రజిత అడిగింది.

"కిందివాళ్ళ రిపోర్టులు నిజమో కాదో స్వయంగా చూడాలి."

"మరి చూస్తారా?"

"దానికో మనిషినిచ్చారు," అన్నాడు శశికాంత్.