మామగారి కారు, అల్లుడి కాలు

ఆదివారం చిన్నల్లుడు వచ్చేలోగా కారు బాగుపడాలి. ఆ ఉదయం పెద్దల్లుడు మొహం కడుక్కుంటూ అనుకున్న పని అదొక్కటే.

ఆ కారు మామగారిది. ఆయన డ్రైవింగ్ స్కూలు మూసేసినప్పుడు తాళాలు తెచ్చి పెద్దల్లుడి చేతిలో పెట్టారు. కూతుర్ని అప్పగించిననాడు కూడా ఆయన అన్ని జాగ్రత్తలు చెప్పలేదు. ఇప్పుడేమో ఆ కారు యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు ఆలోచించి, మూలిగి, మరీ బతిమాలితే కదులుతోంది. పెట్రోలు మాత్రం మంచినీళ్లలా తాగుతోంది.

"ఆడలేక మద్దెల ఓడన్నదిట వెనకటికెవరో," అన్నారు మామగారు, రోజూలాగే గ్రంథాలయానికి పక్క సీట్లో బయల్దేరుతూ. "లోపం బండిది కాదు అల్లుడు గారూ, మీ కాలిది. తొక్కమంటే నిమురుతారు. ఆదివారానికి దారిలోకి రాకపోతే చిన్నల్లుడికి ఇచ్చేస్తాను. అతను యంత్రాలంటే ప్రాణం పెడతాడు."

పెద్దల్లుడి బెంగ కారు గురించి కాదు. కారు పోతే పోయింది, 'పెద్దల్లుడికి చేతకాలేదని చిన్నల్లుడికిచ్చారట' అన్న మాట చుట్టాలందరి నోళ్లలో నానడం ఖాయం.

మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, పెట్రోలు గొట్టాలు ఊది శుభ్రం చేశాడు. ఒక్కడే వీధి చివరిదాకా నడిపి చూసుకుని, "గుర్రం సార్ ఇది," అన్నాడు. మర్నాడు మామగారు ఎక్కారు. గుర్రం మళ్లీ మూలిగింది.

ఇంతలో ఎదురింటి టీచరమ్మ ఇంకో సంగతి మోసుకొచ్చింది. "మీ కారు వెనక ఎర్రలైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయేంటండీ?"

"వైరింగ్ షార్టయింది సార్. కరెంటంతా అక్కడికే పోతుంటే ఇంజిన్‌కి ఏం మిగుల్తుంది?" అన్నాడు మెకానిక్. బ్రేకు లైట్ల వైరు పీకేసి, ఈసారి చెవితో విని తేలుస్తానంటూ వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ముందు సీట్లో మామగారు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు. కారు నాలుగు వీధులు ఈడ్చుకుంటూ పోయింది. అయిదో వీధిలో ఒక కుక్క రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తోంది. అది ఇంకా దూరంలో ఉండగానే కారు చటుక్కున ఆగింది. లైట్లు వెలగలేదు కనక వెనకొచ్చే పాలవ్యాను ఆగలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ట్రాఫిక్ పోలీసు కూడా వచ్చాడు. దెబ్బ పెద్దది కాదు గానీ, లైట్లు వెలగకపోవడం అతను చూశాడు. మెకానిక్ వంగి గబగబా వైరు కలిపాడు. లైట్లు వెలిగాయి.

"బాగుంది. ఇప్పుడు బ్రేకు మీంచి కాలు తీయండి," అన్నాడు పోలీసు వెనకనుంచి.

"తీశానండీ."

"తీయండి మరి."

"తీసే ఉన్నానండీ."

"నేను గుడ్డివాణ్ణా?"

పెద్దల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. చెప్పులతో సహా రెండు కాళ్లూ ఎత్తి స్టీరింగ్ పక్కగా అద్దం కింద పెట్టాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పోలీసు ముందుకొచ్చి ఆ కాళ్లను చూశాడు. తర్వాత పక్క కిటికీలోంచి లోపలికి వంగి మామగారి కాళ్లను చూశాడు. నేర్పేవాడి కోసం ఆ వైపున కూడా ఒక బ్రేకు ఉంది. దాని మీద మామగారి కుడి కాలు బిగుసుకుని ఉంది.

"మీరు నొక్కుతున్నారా పెద్దాయనా?"

"నువ్వు వెనక నిలబడ్డావు. బండి జారితే?" అన్నారు మామగారు. తర్వాత తన కాలిని తనే గుర్తుపట్టనట్టు కిందికి చూసుకున్నారు. "జీవితమంతా ఈ సీట్లో కూర్చుని ఊరందరి ప్రాణాలూ కాపాడానయ్యా. ఈ కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం సార్," అన్నాడు మెకానిక్. ఆ పూటే పక్క సీటు బ్రేకు పెడల్ ఊడదీశాడు. మెకానిక్ నడిపితే కారు రివ్వున పోయింది. పక్కన కూర్చుని పెద్దల్లుడు దారంతా ఈల వేశాడు. మామగారు మాత్రం గ్రంథాలయానికి నడిచి వెళ్తానన్నారు. కాలికి పని లేని చోట కూర్చోవడం ఆయనకు నిజంగానే బాధగా ఉంది.

ఆదివారం అందరూ గేటు దగ్గర నిలబడ్డారు. చిన్నల్లుడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పెద్దల్లుడు ఒక్కడే ఎక్కి, వీధి చివరినుంచి దర్జాగా దూసుకొచ్చి, గేటు ముందు ఎప్పటిలాగే బ్రేకు మీద కాలు సుతారంగా ఆనించాడు. కారు ఆగలేదు. అందరూ పక్కకి దూకారు. ఇన్నాళ్లూ తను సగం తొక్కితే మిగతా సగం పక్క సీటు తొక్కేదని గేటు విరిగాక గానీ అతనికి తెలియలేదు.

దుమ్ము దులుపుకుంటూ చిన్నల్లుడు ముందుగా తేరుకున్నాడు. "నాకొద్దు మామయ్యగారూ. అన్నయ్యకి అలవాటైన బండి, అన్నయ్య దగ్గరే ఉండనివ్వండి."

పెద్దల్లుడు కిందికి దిగి, పగిలిన హెడ్‌లైటు వైపు చూడకుండా మామగారి దగ్గరికి వెళ్లాడు. "మామయ్యగారూ, రేపట్నుంచి మళ్లీ నాతో గ్రంథాలయానికి వస్తారా?"

మర్నాడే మెకానిక్ పెడల్‌ని మళ్లీ బిగించాడు. మైలేజీ సంగతి ఆ ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు.